తూటా పగిలితే మంట ఎటు పోతుంది?

నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అంత ఎత్తునా నీళ్లు నిలిచాయనుకుంటే, అడుగున ఒక చదరపు సెంటీమీటరు రాయి మీద పడే బరువు పన్నెండున్నర కిలోల లోపే. .303 రైఫిల్ పేలిన క్షణంలో, తూటా కూర్చునే, బొటనవేలు పట్టేంత చాంబర్‌లో అదే చదరపు సెంటీమీటరు మీద పడే బరువు దాదాపు 3,720 కిలోలు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన మూడు వందల సాగర్ల నీటి బరువు అది. అది శిఖరంలో నిలిచేది సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ కాస్త సేపూ ఆ ఒత్తిడికీ, తుపాకీ భుజానికెత్తిన మనిషి కంటికీ మధ్య దూరం జానెడు.

నల్లగొండ, పాలమూరు పాఠకులకు ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో పోలీసుల చేతుల్లో .303 దశాబ్దాల పాటు ఉంది. లైసెన్సు ఉన్న ఇళ్లలో 12 బోర్ తుపాకులు, .315 రైఫిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నల్లమల అంచు ఊళ్లలో నాటు తుపాకులు పట్టుబడ్డాయన్న వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. వీటిలో ఏది ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, తట్టుకోలేకపోతే ఏం జరుగుతుంది అన్నది తుపాకీ ముట్టుకునే ప్రతివారూ తెలుసుకోవాలి. తుపాకీ బలం అనగానే చాలామంది ఉక్కు మందం చూస్తారు. తుపాకీ ఎంత బలమైనదన్నది ఒక లెక్క, కాల్చేవాడికి ఎంత క్షేమమన్నది ఇంకో లెక్క. ఈ రెంటినీ ఒకటిగా కలిపేసుకోవడం వల్లే కళ్లు పోతున్నాయి.

మన ప్రాంతపు తుపాకీ కథ మూతి నుంచి మందు కూరే బర్మారుతో మొదలవుతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటికి జనం దగ్గర ఉన్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చాక వేట బర్మార్లు కూడా పోరాటంలోకి వచ్చాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీది నుంచి ఊరివాళ్లు రజాకార్లను, నిజాం బలగాలను ఎదిరించింది ఈ తుపాకులతోనే. ఎదుటి పక్షం దగ్గర రైఫిళ్లున్నాయి. దళాలు శత్రువు నుంచి గుంజుకున్న ఒక్కో .303ను ఎందుకంత అపురూపంగా చూసుకున్నాయో తెలియాలంటే రెంటికీ ఉన్న తేడా తెలియాలి.

బర్మారుకు తూటా లేదు, వెనక తెరిచి మూసే బోల్టు లేదు. మూతి నుంచి నల్లమందు పోసి, గుడ్డ కూరి, రవ్వలు వేసి దట్టిస్తారు. వెనక వైపు గొట్టం మూసే ఉంటుంది. నల్లమందు పుట్టించే ఒత్తిడి సాధారణంగా .303 ఒత్తిడిలో పావు వంతు లోపే. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయి పొగలేని మందు తయారుచేశాక ఈ లెక్కంతా తిరగబడింది. పొగలేని మందు గుణం వేరు. ఒత్తిడి పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా కాలుతుంది. వేగంగా కాలేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బుల్లెట్ ముందుకు పరుగెత్తి వెనకాల చోటు చేస్తూ పోతుంది కాబట్టే ఆ పెరుగుదల ఒక హద్దులో ఆగుతుంది. బుల్లెట్‌కు దారిలో అడ్డం వచ్చిందా, ఆ హద్దు ఉండదు.

.303 తూటా పుట్టింది ఈ రెండు మందుల సంధికాలంలో. 1888లో బ్రిటిష్ సైన్యం దాన్ని నల్లమందుతోనే చేపట్టింది. 1891లో కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు నడిచిన మార్క్-7 తూటాలో బుల్లెట్ బరువు 174 గ్రెయిన్లు, అంటే 11.3 గ్రాములు. వేగం సెకనుకు 744 మీటర్లు.

అంత ఒత్తిడిని లోపల ఆపేది ఎవరు? తక్షణ సమాధానం ఉక్కు. కానీ మొదటి కాపలాదారు ఇత్తడి. తూటా కేసులో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. మందు అంటుకోగానే కేసు పలచని గోడలు ఉబ్బి చాంబర్‌కు అతుక్కుంటాయి. గాలి చొరబడే సందు కూడా మిగలదు. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి ఖాళీ కేసు తేలిగ్గా బయటికొస్తుంది. చాంబర్ గోడ చుట్టూ మందమైన ఉక్కు ఉంది. కేసు ముందు బుల్లెట్ ఉంది. వెనక వైపు మాత్రం కేసు అడుగు భాగం బోల్టు ముఖానికి ఆనుకొని ఉంటుంది. అక్కడ ఇత్తడి దిమ్మలా మందంగా ఉంటుంది కానీ, దాని అంచు కొద్దిమేర చాంబర్ బయటే ఉంటుంది. దాని చుట్టూ ఉక్కు ఆసరా లేదు. ఎంత గొప్ప రైఫిలైనా ఆ కాస్త చోట ఇత్తడి బలమే దాని బలం.

ఇప్పుడు బోల్టు మీద పడే తోపు లెక్క చూద్దాం. .303 కేసు అడుగు వ్యాసం 11.6 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు 1.06 చదరపు సెంటీమీటర్లు. 3,720తో గుణిస్తే 3,900 కిలోలకు పైనే వస్తుంది. కేసు గోడలు చాంబర్‌ను గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి ఇందులో కొంత వాటి మీదే ఆగిపోతుంది, మిగతాదే బోల్టు దాకా వెళుతుంది. అందుకే తడిసిన తూటా, నూనె అంటిన తూటా చెడ్డవి. జారుడు గోడకు పట్టు ఉండదు, మొత్తం తోపు బోల్టు మీదే పడుతుంది. వానలో తడిసిన తూటాల్ని తుడవకుండా నింపితే ఏమవుతుందిలే అనుకునేవారు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. చాంబర్ పొడిగా ఉండాలని పాత సైనికులు పట్టుబట్టేది ఇందుకే.

తోపును ఆపేవి బోల్టు లగ్గులు, అంటే పిడి తిప్పినప్పుడు, బోల్టు కదిలే చట్రమైన రిసీవర్ గాడిలో ఇరుక్కునే ఉక్కు బుడిపెలు. జర్మన్ మౌజర్ 98లో అవి బోల్టు ముందు కొసనే, తూటా పక్కనే ఉంటాయి. .303 కాల్చే బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు వెనక భాగాన ఉంటాయి. దానివల్ల బోల్టు లాగడం చకచకా సాగుతుంది, శిక్షణ పొందిన సిపాయి గురిచూసి వేగంగా కాల్చగలడు. ఆ వేగానికి ఒక ధర ఉంది. తోపు పడ్డప్పుడు తూటాకూ లగ్గులకూ మధ్యనున్న బోల్టు నిడివి అంతా కొద్దిగా కుదించుకుపోతుంది, రిసీవర్ కొద్దిగా సాగుతుంది. ఆ వెంట్రుకవాసిలోకి ఇత్తడి కేసు కూడా సాగుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ బలహీనమైన తుపాకీ అన్న మాట నేను ఒప్పుకోను. తనకు రాసిపెట్టిన ఒత్తిడిని అది రెండు ప్రపంచ యుద్ధాల్లో మోసింది. కానీ ఆ గీత దాటాక దాని దగ్గర మిగులు తక్కువ.

ఆ మిగులు ఎంతో మన దేశపు అనుభవమే చూపిస్తుంది. 1962 చైనా యుద్ధం తర్వాత బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ, అప్పటిదాకా చేస్తున్న .303 నమూనాను నాటో 7.62 తూటాకు మార్చింది. అలా 2ఏ, 2ఏ1 రైఫిళ్లు వచ్చాయి. యూరప్ ప్రమాణాల సంస్థ సి.ఐ.పి. లెక్కలో .303 గరిష్ఠ ఒత్తిడి 365 మెగాపాస్కల్స్. 7.62 లెక్క 415. కిలోల్లో చెబితే చదరపు సెంటీమీటరుకు 3,720, 4,230. తేడా 14 శాతం దగ్గర. చూడటానికి చిన్నదే. ఇక ప్రూఫ్ పరీక్ష సంగతి చూడండి. కొత్త తుపాకీని ఒక్కసారి కావాలనే 25 శాతం ఎక్కువ ఒత్తిడితో కాల్చి, ఎక్కడా పగుళ్లు లేవని తేలితేనే ముద్ర వేస్తారు. ఆ లెక్కన .303కు ప్రూఫ్ ఒత్తిడి 4,650 కిలోలు. అంటే 7.62 తూటా ప్రతిసారీ పుట్టించే ఒత్తిడి, .303 రైఫిల్ జీవితంలో ఒక్కసారి ఎదుర్కొనే అగ్నిపరీక్షలో 91 శాతం. రోజూ అగ్నిపరీక్ష అంచున నడిచే తుపాకీ ఎన్నాళ్లుంటుంది? అందుకే ఈషాపూర్ ఇంజనీర్లు ఆకారం పాతదే ఉంచి ఉక్కు మార్చారు. గొట్టం మాత్రమే మార్చి పాత రిసీవర్‌కు బిగించి ఉంటే పని చవగ్గా అయ్యేది. వాళ్లు ఆ దారి పట్టకపోవడం మెచ్చుకోవలసిన నిర్ణయం.

ఉక్కు మారితే చాలా? ఇక్కడ అమెరికా కథ ఒకటి చెప్పాలి. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్ రిసీవర్లను తొలి రోజుల్లో కొలిమిలో కాల్చి గట్టిపరిచేటప్పుడు వేడిని కొలిచేది కార్మికుడి కన్ను. ఉక్కు ఏ రంగుకు వచ్చిందో చూసి తీసేవారు. మబ్బు పట్టిన రోజు, ఎండ కాసే రోజు ఆ రంగు ఒకేలా కనిపించదు. ఎండ రోజున కొన్ని రిసీవర్లు హద్దు మీరి కాలిపోయాయి. పైకి అవి గట్టిగానే ఉన్నాయి. లోపల మాత్రం గాజు పెళుసు. 1917లో కొన్ని లాట్ల తూటాల ఇత్తడి చెడిపోయి కేసు అడుగులు పగలడంతో ఆ లోపం బయటపడింది. వాయువు వెనక్కి తన్నగానే రిసీవర్ ముక్కలైంది. 1918లో పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో 8,00,000 వరుస సంఖ్యకు, రాక్ ఐలండ్ కర్మాగారంలో 2,85,507 సంఖ్యకు ముందున్నవన్నీ అనుమానపు జాబితాలో చేరాయి. అంటే పది లక్షలకు పైగా రైఫిళ్లు. సైనికాధికారి జూలియన్ హేచర్ 1917 నుంచి 1929 వరకు నమోదైన ప్రమాదాలు లెక్కగట్టారు. మొత్తం 68. ముగ్గురికి ఒక కన్ను పోయింది, ఆరుగురివి తీవ్ర గాయాలు, 34 మందివి చిన్నవి, మిగతా 25 ఘటనల్లో గాయాల వివరం నమోదు కాలేదు. ఒక్కరూ చనిపోలేదు.

పది లక్షలకు 68 అంటే తక్కువే కదా అనిపించవచ్చు. నేనలా అనుకోను. ఏ రైఫిల్ ఆ 68లో చేరుతుందో పైనుంచి చూసి చెప్పే మార్గం లేదు. మెత్తటి ఉక్కు ఒత్తిడి మించితే సాగుతుంది, బోల్టు తిరగడం బిగుసుకుంటుంది, మనిషికి హెచ్చరిక అందుతుంది. పెళుసు ఉక్కు ఏ సూచనా ఇవ్వకుండా పేలుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ జపాన్ అరిసాకా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఒకరు 6.5 మిల్లీమీటర్ల అరిసాకా చాంబర్‌ను .30-06 తూటా పట్టేలా తొలిచి, గొట్టం మార్చడం వదిలేశారు. 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 6.7 మిల్లీమీటర్ల దారిలో నలిగి బయటికి పోయింది. తుపాకీ చెక్కుచెదరలేదు. ఆ ఉక్కు గొప్పదనం నిజమే, కానీ అలాంటి ప్రయోగం అనుసరించదగ్గది ఎంతమాత్రం కాదు.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఒత్తిడి 5,000 కిలోలు దాటి ఎంతో దూరం పోకముందే కేసు అడుగున ఇత్తడి లొంగడం మొదలవుతుంది. మందును రగిలించే ప్రైమర్ కూర్చునే గూడు వదులవుతుంది, ఆపైన అంచు చీలుతుంది. అప్పటికి లగ్గులు చెక్కుచెదరకపోవచ్చు. రిసీవర్‌కు గీత కూడా పడకపోవచ్చు. అయినా 2,500 డిగ్రీల దరిదాపు వేడితో, కరిగిన ఇత్తడి తుంపరతో కలిసి వాయువు వెనక్కి వస్తుంది. 950 డిగ్రీలకే కరిగే లోహం దాని ముందు ఏ పాటి? అది ఎటు పోతుందన్నదే కాల్చేవాడి క్షేమాన్ని తేలుస్తుంది.

మౌజర్ 98 బోల్టును చేతిలోకి తీసుకుని కింది వైపు తిప్పి చూస్తే ముందు భాగాన కోలగా రెండు రంధ్రాలు కనిపిస్తాయి. ప్రైమర్‌ను కొట్టే పిన్ను సందులోంచి లోపలికి దూరిన వాయువు అక్కడి నుంచి లగ్గు కదిలే ఎడమ గాడిలోకి దిగి పక్కకు పోతుంది. బోల్టు వెనక వెడల్పాటి అంచొకటి ఉంటుంది. గాడి వెంట వెనక్కి వచ్చేదాన్ని ముఖానికి తగలకుండా అది అడ్డుకుంటుంది. ముందు లగ్గులు రెండూ విరిగినా ఆపడానికి వెనక మూడో లగ్గు ఉంది. ఇవన్నీ 1898 నాటి ఆలోచనలు. వాటిని రూపొందించిన పాల్ మౌజర్ 1901లో తనే వేరొక స్వయంచాలక రైఫిల్‌ను పరీక్షిస్తూ ఒక కన్ను కోల్పోయాడు. లీ-ఎన్‌ఫీల్డ్‌లోనూ వాయువు తప్పుకునే దారులు ఉన్నాయి గానీ, వెనక అంత వెడల్పు అడ్డు లేదు. నన్నడిగితే ఇత్తడి పగిలే వేళ మౌజర్ వెనక నిలబడటమే మేలు. .303 కాలం ఎలాగూ ముగుస్తోంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దానికి లాంఛనంగా వీడ్కోలు పలికారు.

ఒత్తిడి హద్దు దాటడానికి కారణాలు చాలావరకు సాదాసీదావి. గొట్టంలో మన్ను. గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు లాగినప్పుడు తెగి లోపలే ఉండిపోయిన గుడ్డ. నెలల తరబడి మూల పెట్టిన తుపాకీలో కందిరీగ కట్టిన గూడు. అన్నిటికంటే మోసకారి, శబ్దం తక్కువగా వచ్చిన తూటా. అందులో మందు చాలకపోతే బుల్లెట్ గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. దాని వెనక రెండో తూటా కాల్చితే గొట్టం చీలుతుంది. చప్పుడు తేడాగా వస్తే అక్కడికక్కడే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపించేదాకా మరో తూటా పెట్టకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని క్షేమమైన దిక్కుకే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఎండ మన ప్రాంతపు ప్రత్యేక చిక్కు. తూటాల ఒత్తిడిని ప్రయోగశాలలో కొలిచేది 21 డిగ్రీల దగ్గర. మే నెలలో నల్లగొండలో నీడపట్టునే 45 డిగ్రీలు దాటడం చూశాం. తలుపులు బిగించి ఎండలో నిలిపిన జీపులో తూటాల డబ్బా ఇంకా ఎంతో కాగుతుంది. కార్డైట్ లాంటి మందు వేడికి త్వరగా స్పందిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. మిగులు తక్కువున్న పాత రైఫిల్‌కు ఆ పెరుగుదల మంచిది కాదు.

అరుగుదల ఇంకో రకం. .303 కేసు అంచు మందం, బోల్టు ముఖానికీ చాంబర్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీ చాలా సన్నటి లెక్కలు. ఆ ఖాళీ సైనిక కొలతలో అంగుళంలో వెయ్యికి 64 వంతుల నుంచి 74 వంతుల వరకు ఉండొచ్చు. అంటే మొత్తం సడలింపు పావు మిల్లీమీటరు. అరిగిన బోల్టులో ఖాళీ అంతకు మించితే ఒత్తిడి పెరగదు గానీ కేసు అడుగు వెనక్కి, గోడలు ముందుకు లాగుకొని మధ్యలో తెగుతాయి. తెగబోయే కేసు ముందే చెబుతుంది. కాల్చిన ఖాళీ కేసును వెలుతురులో తిప్పి చూస్తే అంచుకు కొంచెం పైన, చుట్టూ సన్నగా మెరిసే గీత కనిపిస్తుంది. లోపల కొస వంచిన తీగతో తడిమితే అక్కడ గాడి తగులుతుంది. ఆ గీత కనిపించిన రైఫిల్‌ను ఆయుధ నిపుణుడు కొలిచి చూసేదాకా కాల్చకూడదు. ప్రైమర్ పూర్తిగా చదునైపోవడం, బోల్టు పిడి ఎత్తడానికి బలం కావలసి రావడం కూడా ప్రమాద సూచనలే.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 12 బోర్‌కు ఒక ప్రత్యేక గండం ఉంది. పొరపాటున 20 బోర్ తూటా అందులో పడితే అది చాంబర్ దాటి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి కాల్చితే ఎడమ చెయ్యి పట్టుకున్న చోటే గొట్టం చీలుతుంది. ప్రపంచమంతటా 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేసే ఆనవాయితీ ఈ ప్రమాదం వల్లే వచ్చింది. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకండి. ఈషాపూర్ .315 ఉన్నవారు కూడా తూటా పెట్టె మీది సంఖ్య, గొట్టం మీది సంఖ్య ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి.

నాటు తుపాకీకి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, ఎందుకంటే దానికి లెక్కే లేదు. ఏ ఉక్కో తెలియదు, ప్రూఫ్ ముద్ర లేదు, చాంబర్‌కు కొలత లేదు. నీళ్ల కోసం చేసిన ఇనుప గొట్టం .303 ఒత్తిడిని తట్టుకోలేక చిట్లుతుంది. అడవి పంది పంట తినేస్తోందన్న రైతు బాధ నిజమైనదే. కంది, వేరుశనగ చేలల్లో రాత్రికి రాత్రే జరిగే నష్టం తెలిసినవాళ్లకే తెలుసు. ఆ బాధకు దారి అటవీ అధికారుల అనుమతి, గుర్తింపు ఉన్న షూటర్లు. చేతిలో పేలే గొట్టం దారి కానే కాదు.

తాతల కాలం నాటి తుపాకీ ఏదైనా మీ ఇంట్లో ఉండి, మీ పేరున లైసెన్సు లేకపోతే, ఒక్కసారి కాల్చి చూద్దామని అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ వెంటనే జమ చేయాలి. లైసెన్సు ఉన్నవారు ఎండాకాలం రాకముందే గొట్టం, బోల్టు కొలిపించి, చిలుం పట్టిన తూటాలు పక్కన పెట్టేయండి. కాల్చే ప్రతిసారీ కళ్లద్దాలు పెట్టుకోండి.